పైనుంచి పోసే నీళ్లు

పల్నాడు తాలూకాలో ఆ రోజుల్లో పుట్టిన పిల్లలందరికీ ఎడమ జబ్బ మీద ప్రభాకరరావు గుర్తు ఉండేది. ఆయన మశూచికం టీకాలు వేసేవాడు. జిల్లా బోర్డు కాగితాల్లో వాక్సినేటరు, ఊళ్లలో టీకాల డాక్టరు, ఆయన సైకిలు బెల్లు వినగానే గాదెల కింద దూరే పిల్లల భాషలో పొడిచేవాడు. మాచర్లలో కాపురం. అక్కణ్నుంచి దుర్గి, వెల్దుర్తి, వాటి చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిలు మీద తిరిగేవాడు. సైకిలు పోలేని చోట సైకిలును తాను మోసేవాడు.

సైకిలు వెనక ఒక కొయ్యపెట్టె. అందులో మద్రాసు నుంచి వచ్చిన మందు గొట్టాలు. ఎండకు మందు చచ్చిపోతుంది కాబట్టి గొట్టాలకు తడిగుడ్డ చుట్టి, అది ఆరకుండా చూసుకోవాలి. ఏ ఊళ్లో అడిగినా పెట్టెకు నీళ్లు ఇచ్చేవారు. పెట్టె మోసుకొచ్చినవాడి సంగతి వేరు.

ప్రభాకరరావు పుట్టింది మాలగూడెంలో. తండ్రి మిషను బళ్లో పంతులు. గూడెంలో అందరూ పిల్లలకు పేతురు, పౌలు అని పెట్టుకుంటుంటే ఈయన గుంటూరులో ఎవరో వకీలు బోర్డు చూసి, పేరు బాగుందని కొడుక్కి పెట్టేశాడు. "రావు ఎందుకయ్యా మనకు" అని పాస్టరు గారు అడిగితే, "పోవు అని పెట్టలేను గదండీ" అన్నాడట.

ఆ రావు వల్ల కొత్త ఊళ్లో ప్రభాకరరావుకు మొదటి అరగంట సుఖంగా గడిచేది. నులకమంచం వాల్చేవారు, విసనకర్ర ఇచ్చేవారు. ఆ తర్వాత ఎవరో ఒక పెద్దమనిషి చుట్ట ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుంటూ, "తమరేమిట్లు?" అని అడిగేవాడు. అబద్ధం ఆడటం ఈయనకు చేతగాదు. "కిరస్తానీలమండి" అనేవాడు. "అది సరే, అంతకుముందు?" అనేవాడు పెద్దమనిషి. అంతకుముందు ఏమిటో చెప్పగానే నులకమంచానికి లోపల ఏదో పని పడేది. ఎవరో వచ్చి దాన్ని తీసుకుపోయేవారు.

నల్లబోడు అనే ఊళ్లో మాత్రం ఆ ప్రశ్న కాస్త ఆలస్యంగా వచ్చింది. అక్కడే చిక్కు వచ్చింది.

అది నలభై మూడో సంవత్సరం ఎండాకాలం. ఊరి మునసబు మస్తాన్‌రావు ఇంటి వసారాలో ప్రభాకరరావు చెమట తుడుచుకుంటున్నాడు. మునసబు తల్లి రామాయమ్మ స్వయంగా ఇత్తడి గ్లాసులో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అరవై దాటిన మనిషి, నోరూ పెద్దదే, చెయ్యీ పెద్దదే. పిల్లలు నిలవక, దర్గాలో మొక్కుకుని కన్న కొడుకు కాబట్టి మస్తాన్‌రావు అని పేరు పెట్టుకుంది. అల్లం, కరివేపాకు దంచి వేసిన ఆ మజ్జిగ సగం గొంతు దిగాక, "ఇంతకీ తమరేమిట్లు నాయనా?" అని అడిగింది. ప్రభాకరరావు చెప్పాడు.

రామాయమ్మ తిట్టలేదు. గ్లాసు వంక చూసింది, ఆయన వంక చూసింది, మళ్లీ గ్లాసు వంక చూసింది.

"సగంలో ఆపుతావెందుకు, తాగెయ్. పోయింది ఎట్టాగూ పోయింది" అంది.

ఆయన తాగి గ్లాసు కింద పెట్టాడు. పాలేరు పట్టకారుతో దాన్ని పట్టుకుని, చచ్చిన ఎలుకను మోసినట్టు చెయ్యి చాచి మోస్తూ దొడ్లోకి తీసుకుపోయి పిడకల మంటలో వేశాడు. ఇత్తడి ఎర్రగా కాలేదాకా ప్రభాకరరావు చూస్తూనే ఉన్నాడు. తర్వాత పెట్టె తెరిచి, ఆ ఇంట్లోని పదకొండు మంది పిల్లల జబ్బలు ఒక్కొక్కటే పట్టుకుని, గీరి, మందు పూశాడు. జబ్బ పట్టుకోవచ్చు, గ్లాసు పట్టుకోకూడదు. పైగా ఆ మందు గేదెదూడ పొట్ట మీద పుండు చేసి తీసిన రసమని ఆ ఇంట్లో ఆయనకొక్కడికే తెలుసు. ఆయన చెప్పలేదు. చెబితే పదకొండు మంది పిల్లల్నీ మంటలో వెయ్యాల్సి వస్తుంది.

వెళ్లేముందు మళ్లీ దాహమై నీళ్లు అడిగాడు. ఈసారి పాలేరు కడవతో వచ్చి దోసిలి పట్టమన్నాడు. పైనుంచి పోసే నీళ్లు తాగడం ఒక విద్య. నడుం వంచి, దోసిలి నోటికి ఆనించి, ఊపిరి బిగబట్టి మింగాలి. సగం కడుపులోకి పోతాయి, సగం మోచేతుల మీదుగా చంకల్లోకి పోతాయి, ఇవి చాలవన్నట్టు కొన్ని ముక్కులోకి పోతాయి. చిన్నప్పటినుంచీ ఈ విద్య నేర్చిన మనిషే. ఆ రోజు ఎందుకో నీళ్లు ముక్కులోకి పోయి పొరబోయింది. దగ్గుతుంటే పాలేరు నవ్వాడు. అరుగు మీద ఉన్నవాళ్లూ నవ్వారు.

ప్రభాకరరావు చొక్కా చేతులు పిండుకుని సైకిలెక్కాడు. ఊరు దాటాక దిగి, ఇకమీదట మాచర్ల బయట చుక్క నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. బైబిలు దగ్గర లేక మందుపెట్టె మీదే చెయ్యి వేశాడు.

అన్నం తింటే నీళ్లు కావాలి కాబట్టి పగటి అన్నం కూడా మానేశాడు. భార్య గ్రేసమ్మ పొద్దున కట్టిచ్చిన రొట్టెల మూట సాయంత్రం విప్పకుండానే తిరిగి వచ్చేది. నీళ్లు తాగకపోతే చెట్ల చాటుకు పోయే అవసరమూ లేదు. ఇంత మంచి ఏర్పాటు తనకు ఇన్నాళ్లూ తట్టనందుకు ఆశ్చర్యపోయాడు కూడా.

సాయంత్రం మాచర్ల చేరగానే ముందు కాలేషా దుకాణం దగ్గర ఆగేవాడు. కాలేషా సైకిళ్లు బాగుచేసేవాడు, చిన్నప్పటి స్నేహితుడు. అతని దుకాణంలో నీళ్ల కుండ ప్రభాకరరావు వచ్చేసరికి నిండుగా ఉండేది, వెళ్లేసరికి బోర్లించి ఉండేది. అక్కణ్నుంచి ఇంటికి వెళ్లి, పగలు తినని అన్నమూ, ఇప్పుడు తినాల్సిన అన్నమూ, పగలు మింగిన కోపమూ కలిపి ఒక్క పంక్తిన తినేవాడు. జొన్న సంకటి, పండుమిరపకాయలు వేసి నూరిన గోంగూర పచ్చడి, నిప్పుల మీద కాల్చిన ఎండుచేపలు. గోంగూర లేకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఉంటే ఆగేది కాదు.

"పొద్దస్తమానం ఎండబెడతావు, పొద్దుగూకాక నానబెడతావు. నువ్వు మనిషివా, వడియానివా?" అనేది గ్రేసమ్మ.

"ఎవడి కడవ కిందో దోసిలి పట్టి తాగనా?"

"తాగొద్దులే. మూటయినా విప్పొచ్చుగా. నేను తెల్లారగట్ట లేచి కాల్చిన రొట్టెలు సైకిలెక్కి షికారుకెళ్లొస్తన్నయ్."

మూడేళ్లు ఇలా గడిచాయి. మొదట తేన్పులు మొదలయ్యాయి, తర్వాత కడుపులో మంట. ఒంటికి పోసేటప్పుడు రంగు ముందు టీ లాగా, తర్వాత బెల్లప్పాకం లాగా మారింది. చిరాకు పెరిగింది. టీకా వేసేటప్పుడు పిల్లల కంటే ముందు తనే మొహం చిట్లించుకునేవాడు. అయినా ఒట్టు తప్పలేదు. తనను చూసి నవ్విన ఊళ్ల మీద తన కడుపు మాడ్చుకుని పగ తీర్చుకుంటున్నాననుకున్నాడు. ఆ ఊళ్లకు ఆ సంగతే తెలియదు.

నలభై ఆరులో మాఘమాసం వెళ్లాక ఒక ఉదయం దుర్గి దారిలో ఎడమ డొక్కలో ఎవరో గునపం దించినట్టయింది. సైకిలు ఒక పక్క, ఆయన ఒక పక్క పడ్డారు. పడిన చోటు విగ్రహాలు చెక్కే వాళ్ల పాక ముందు. లోపల ఉలి మీద సుత్తి పడ్డప్పుడల్లా ఆ దెబ్బ తన డొక్కలో తగిలినట్టుంది. శిల్పి బయటికి వచ్చి చూసి, బండి కట్టించి మాచర్ల పంపాడు. మర్నాడు కాలేషా ఆయనను రైలెక్కించి, రెండు తాలూకాల అవతల ఉన్న మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు ఒక దొరసాని. ఈ దేశం వచ్చి ఇరవై ఏళ్లయింది. తెలుగు బైబిలు చదివే నేర్చుకుంది కాబట్టి బైబిలు లాగే మాట్లాడేది.

"నీ మూత్రపిండమందు ఒక రాయి యున్నది. దినమునకు ఎన్ని పాత్రల నీళ్లు త్రాగుచున్నావు?"

"పగలు తాగనండమ్మా."

"ఏల?"

ప్రభాకరరావు చెప్పాడు. దోసిలి ఎలా పట్టాలో కూడా చేతులతో చూపించాడు. దొరసాని ఓపిగ్గా విని తల ఊపింది.

"గర్వము కూడదు. మన ప్రభువు కూడ బావియొద్ద సమరయ స్త్రీని దాహమునకిమ్మని అడిగెను గదా."

"అడిగాడండి. కానీ అక్కడ అడిగింది పైవాడు. పైవాడు అడిగితే కింది మనిషి కుండతో సహా ఇచ్చేస్తుంది. మా ఊళ్లలో అడగాల్సింది కిందివాడండమ్మా."

దొరసాని కలం అందుకుంది. రోజుకు పన్నెండు గ్లాసుల నీళ్లు తాగాలని కాగితం మీద రాసింది. ఆ తర్వాత ఏమేం తింటావని అడిగి, పుల్లకూర తక్షణమే మానవలెనని చెప్పింది. గోంగూర అన్నమాట. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి అది ఉరిశిక్ష కంటే ఒక మెట్టు పైది. ప్రభాకరరావుకు డొక్కలో నొప్పి కంటే ఈ మాటకే కళ్లు చెమర్చాయి.

"మొదటి పాత్ర ఇప్పుడే నా యెదుట త్రాగుము" అంది దొరసాని.

నర్సు ఆరోగ్యమ్మ వసారాలో మేకుకు వేలాడుతున్న సత్తు మగ్గు తీసి నీళ్లు ముంచి తెచ్చింది. దొరసాని బల్ల మీద పూసలు కుట్టిన గుడ్డ కప్పిన గాజు గ్లాసు ఒకటి ఉంది. ప్రభాకరరావు రెండింటినీ చూశాడు. అలాంటివి చూడటంలో ఆయన కంటికి మంచి సాధన ఉంది. మగ్గుకు పిడి ఉంది, తన చేత్తో తను పట్టుకోవచ్చు. అందుకని తాగాడు.

వసారాలోకి వచ్చాక ఆరోగ్యమ్మను అడిగాడు. "అక్కా, ఆ మగ్గు?"

"అది మనోళ్లదిలే తమ్ముడూ. దొరసాని గ్లాసు వేరు, పిల్లి సాసరు వేరు, మన మగ్గు వేరు."

"పిల్లిది దేంతో చేసింది?"

"పింగాణీ."

ప్రభాకరరావు నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు. "మరి నువ్వు పగలంతా ఇందులోనే తాగుతావా?"

"నేను ఇంటికాడ తాగొస్తా. మళ్లీ ఇంటికి పోయినాకే. అన్నమూ అంతే. పన్నెండేళ్లనించీ ఇదే వరస." ఆరోగ్యమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకూ కడుపులో ఒకటే మంట. దొరసానికి చెప్పలా. చెప్తే ఆ మగ్గుతోనే మందు తాగిస్తది."

తన రోగం తనొక్కడిదే అనుకుంటూ వచ్చిన ప్రభాకరరావుకు తిరుగు రైల్లో ఆ సత్తు మగ్గే కళ్లలో మెదిలింది. కాలేషా మూడుసార్లు పలకరించి, నొప్పి కాబోలని ఊరుకున్నాడు.

రాయి లోపలే ఉంది. నీళ్లు తాగితే దానంతటది దిగుతుంది, లేకపోతే కోసి తియ్యాలి. కాలేషా ఎక్కడో వెతికి, యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న నీళ్ల సీసా ఒకటి తెచ్చాడు. ఆకుపచ్చ గుడ్డ తొడిగిన సీసా. ప్రభాకరరావు దాన్ని భుజాన వేసుకుంటే గ్రేసమ్మ, "జర్మనీ మీదికి పోతన్నావా, దుర్గి పోతన్నావా" అంది. సీసాలో నాలుగు గ్లాసులు పట్టేవి. పొద్దున పదింటికల్లా అయిపోయేవి. మిగతా ఎనిమిది గ్లాసులకు మళ్లీ ఎవరి కడవ దగ్గరికో పోవాలి. దాంతో నాలుగు గ్లాసులతోనే కాలం నెట్టాడు. ఒట్టు తప్పకుండా, రాయి దిగకుండా ఒక నెల గడిచింది.

ఉగాది వెళ్లిన వారానికి నల్లబోడు నుంచి కబురు వచ్చింది. పక్క ఊళ్లో అమ్మవారు పోసింది, ఇద్దరు పోయారు, వెంటనే వచ్చి ఊరందరికీ టీకాలు వెయ్యాలని మునసబు మస్తాన్‌రావు మనిషిని పంపాడు. మూడేళ్లలో ప్రభాకరరావు ఆ ఊరికి మళ్లీ వెళ్లకపోలేదు. వెళ్లి, పని చూసుకుని, ఎండిన నోటితో తిరిగి వచ్చేవాడు. ఈసారి ఊరి పొలిమేర చేరేసరికే సీసా ఖాళీ అయింది. డొక్కలో రాయి కదులుతోంది. దారి అక్కడ రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే ఊరు, కుడికి పోతే మాదిగగూడెం.

సైకిలు ఆపి నిలబడ్డాడు. పదహారేళ్ల ఉద్యోగంలో మొదటిసారి రూల్సు గుర్తు తెచ్చుకున్నాడు. టీకాలు అనుకూలమైన చోట వెయ్యాలని ఉంది. ఎవరికి అనుకూలమో రాయలేదు. హ్యాండిలు కుడికి తిప్పాడు.

గూడెంలో తాటాకు బడి పాక ఒకటి ఉంది. దాని పక్క ఇల్లు మరియదాసుది. చెప్పులు కుట్టే ముసలాయన, మెళ్లో శిలువ తాడు, ఒళ్లో తెగిన మోకు. ప్రభాకరరావు సైకిలు దిగీ దిగగానే, "పెద్దయ్యా, మంచినీళ్లిస్తావా" అని అడిగాడు.

మరియదాసు లోపలికి పోయి మట్టి ముంత నిండా నీళ్లు తెచ్చి చాచాడు.

ఆ ముంత అందుకోవాల్సిన చెయ్యి లేవలేదు. ప్రభాకరరావు మాలగూడెంలో పుట్టినవాడు. మాదిగల ఇంట నీళ్లు తాగకూడదని వాళ్లమ్మ పాలతో పాటు పట్టించింది. బాప్తిస్మం నీళ్లకు కూడా అది కడుక్కుపోలేదు. మూడేళ్లు ఊళ్ల మీద అలిగి కూర్చున్న మనిషికి ఈ సంగతి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు ముంత ఎదురుగా ఉంటే గుర్తొచ్చింది.

మరియదాసు ఒక్క క్షణం చూశాడు. కోపం లేదు, వెటకారమూ లేదు. కూరలో కారం ఎక్కువ కావాలా తక్కువ కావాలా అని అడిగినట్టు అడిగాడు.

"ఏందయ్యా డాక్టరూ, మీక్కూడా పైనుంచి పొయ్యాలా?"

ప్రభాకరరావుకు చెవులు వేడెక్కాయి. రెండు చేతులా ముంత అందుకున్నాడు. ఎత్తి ఆపకుండా తాగాడు. ఇంకోటి అడిగాడు. ఇంకోటి. ఆరో ముంతకు మరియదాసు కుండే తెచ్చి పక్కన పెట్టాడు. పదకొండో ముంత తర్వాత, "ఆకలవుతుంది పెద్దయ్యా" అన్నాడు. మరియదాసు కోడలు జొన్నరొట్టె మీద ఎండు తునకల కూర వేసి ఇచ్చింది. ఎద్దుమాంసం ఎండబెట్టి చేసిన కూర. ఉద్యోగం వచ్చాక మర్యాద కోసం ప్రభాకరరావు మానేసిన వాటిలో అదొకటి. మూడేళ్ల తర్వాత మొదటిసారి ఎండ నడినెత్తి మీద ఉండగా కడుపు నిండా తిన్నాడు.

తిని, చెయ్యి కడుక్కుని, తలారిని పిలిచి టీకాలు గూడెం బడి దగ్గర వేస్తున్నానని ఊళ్లోకి కబురు పంపాడు. తలారి వెంటనే తిరిగి వచ్చాడు.

"మునసబు గారు ఇంటికాడికే రమ్మంటన్నారు. వసారాలో మంచం కూడా వేయించారంట."

"నాకు అనుకూలంగా లేదని చెప్పు. ఒంట్లో రాయుంది, నడవలేనని చెప్పు."

తలారి నాలుగుసార్లు తిరిగాడు. నాలుగోసారికి పక్క ఊళ్లో మూడో మనిషి పోయాడన్న కబురు వచ్చింది. దాంతో ముందు గొర్రెలవాళ్లు దిగారు, వాళ్ల వెనక చాకళ్లు, తర్వాత సాలెవాళ్లు. గూడెం పిల్లలకు అప్పటికే అయిపోయింది. వాళ్లు చుట్టూ చేరి, ఊరివాళ్ల పిల్లలు ఎలా ఏడుస్తారో చూడాలని కూర్చున్నారు. ఊరివాళ్ల పిల్లలూ అలాగే ఏడ్చారు.

అందరికంటే చివర ఒక గూడుబండి వచ్చి ఆగింది. అందులోంచి రామాయమ్మ దిగింది. ఒక చేతిలో మునిమనవడు, ఇంకో చేతిలో మంచినీళ్ల చెంబు. మూడేళ్లలో జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతు మాత్రం అలాగే ఉంది.

"మావాడు ఇంట్లో ఎగురుతున్నాడు. వాడెగిరితే అమ్మవారు ఆగుతుందా. కానియ్యి నాయనా" అని, పాక ముందు గుంజకు ఆనుకుని పిల్లవాడి జబ్బ చాచింది.

ప్రభాకరరావు జబ్బ పట్టుకున్నాడు. రెండో గీత దగ్గర డొక్కలో గునపం తిరిగింది. పదకొండు ముంతల నీళ్లు రాయిని బయల్దేరదీశాయి. పెదవి కొరుక్కుని మూడో గీత గీశాడు, నాలుగోది గీశాడు, మందు పూశాడు, జబ్బ వదిలేశాడు. ఆ తర్వాతే కింద పడి పొర్లాడు.

ఊరివాళ్లు వెనక్కి జరిగారు. టీకాల డాక్టరుకే అమ్మవారు పోసిందని ఎవరో అన్నారు. రామాయమ్మ వాళ్లను కసిరింది.

"అమ్మవారూ లేదు, అయ్యవారూ లేదు. ఇది రాయి. మా ఆయనకు ఇదే రోగం. ముగ్గురు పట్టుకుంటే గాని ఆగేవాడు కాదు." వంగి ఆయన మొహంలోకి చూసింది. "నీళ్లు తాగవా నువ్వు?"

"తాగను." పళ్ల సందుల్లోంచి మాట వచ్చింది. "మీ ఇంట్లో గ్లాసు కాల్చినకాణ్నుంచీ ఊళ్లలో తాగడం మానేశా."

రామాయమ్మ తన చెంబు మూత తీసి, ఆయన చేతిలో పెట్టింది. పైనుంచి పొయ్యలేదు, చేతిలోనే పెట్టింది.

"తాగు. తాగినాక నాకియ్యబాక, నువ్వే ఉంచుకో. ఇంకో గిన్నె కాల్చే ఓపిక నాకు లేదు."

ఇది మర్యాదో, కొత్త రకం అవమానమో ప్రభాకరరావుకు అర్థం కాలేదు. తేల్చుకునే తీరిక కూడా లేదు. చెంబు ఖాళీ చేశాడు.

"ఉలవలు ఉడకబెట్టిన నీళ్లు రోజూ తాగు. ఉప్పు వెయ్యబాక" అని చెప్పి రామాయమ్మ బండెక్కబోయి, మళ్లీ దిగి, ఏమవుతుందో చూద్దామని నిలబడింది.

గంట తర్వాత తాటాకుల దడి వెనక నుంచి ఒక కేక వినిపించింది. ఊరూ గూడెమూ ఒక్కసారి ఆ దడి వైపు తిరిగాయి. కాసేపటికి ప్రభాకరరావు పంచె సర్దుకుంటూ బయటికి వచ్చాడు. మొహం చెమటతో తడిసిపోయి, పురుడు పోసుకున్న మనిషిలా ఉన్నాడు. మరియదాసు ఒక కుండపెంకు తీసుకుని లోపలికి పోయి, దాన్ని పట్టుకొచ్చి అందరికీ చూపించాడు. కందిగింజంత రాయి, చుట్టూ ముళ్లు.

రామాయమ్మ దగ్గరికి వచ్చి చూసింది.

"ఇంతేనా. మా ఆయనది చింతగింజంత" అని బండెక్కింది.

పది రోజులకు మస్తాన్‌రావు జిల్లా ఆఫీసుకు అర్జీ పెట్టాడు. టీకాల ఉద్యోగి కులస్థులను మాదిగగూడేనికి రప్పించాడనీ, డ్యూటీలో గొడ్డుమాంసం తిన్నాడనీ, ఆడవాళ్లు ఉండగా దడి చాటున కేకలు పెడుతూ ఒంటికి పోశాడనీ అందులో మూడు నేరాలు. సంజాయిషీ చెప్పమని ప్రభాకరరావుకు కాగితం వచ్చింది. ఆయన రాశాడు. ఊళ్లలో తనకు తాగడానికి చేతికి నీళ్లు ఇవ్వరనీ, గూడెంలో ఇచ్చారు కాబట్టి అదే అనుకూలమైన చోటుగా ఎంచుకున్నాననీ, తిన్నది తన తిండేననీ, కేక పెట్టిన కారణం ఈ జాబుతో జతపరుస్తున్నాననీ రాశాడు. జతపరిచింది అగ్గిపెట్టెలో పెట్టిన రాయి.

"ఉద్యోగం పోతదయ్యా" అంది గ్రేసమ్మ.

"పోతే రాయి తిరిగొస్తదిగా" అన్నాడు.

ఉద్యోగం పోలేదు, రాయీ తిరిగి రాలేదు. రెండు నెలలకు మూడు లైన్ల జాబు వచ్చింది. జతపరిచిన వస్తువు అందినది. ఇకముందు ఇట్టివి టపాలో పంపరాదు. టీకాల స్థలము విషయమై తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు ఇప్పుడు జరుగుచున్నట్లే జరుపవలెను. తదుపరి ఉత్తర్వులు ఎప్పటికీ రాలేదు.

ఆ తర్వాత ప్రభాకరరావు ఏ ఊరికి వెళ్లినా గూడెంలోనే పెట్టె దించేవాడు. కొన్ని ఊళ్లవాళ్లు గొణుక్కుంటూ వచ్చేవారు, కొన్ని ఊళ్లవాళ్లు మొక్కుబడిగా సగం మందిని పంపేవారు. రెండు ఊళ్లు అసలు రామని భీష్మించాయి. ఆ రెండు ఊళ్లకు ఆయనే సీసా తగిలించుకుని వెళ్లి, ఇంటింటికీ తిరిగి పిల్లలకు వేసి, ఎండిన నోటితో వచ్చేవాడు. పెద్దవాళ్ల పట్టుదలకు పిల్లల మొహాలు గుంటలు పడటం ఆయనకు ఇష్టం లేదు. ఆ రోజుల్లో మాత్రం సాయంత్రం కాలేషా కుండ బోర్లా పడేది.

మిగతా రోజుల్లో మధ్యాహ్నం వేళకు తినేవాడు. ఒక రోజు మాలల ఇంట, ఒక రోజు మాదిగల ఇంట, వెల్దుర్తి సాయిబుల వీధిలో హజ్రా బీ అనే ఆమె ఇంట సద్ద రొట్టె, పులగం. తేన్పులు తగ్గాయి, ఒంటికి పోసే నీళ్ల రంగు నీళ్ల రంగుకు వచ్చింది. గోంగూర బదులు ఉలవల నీళ్లు తాగేవాడు. నెలకొకసారి, దొరసాని రెండు తాలూకాల దూరంలో ఉందన్న ధైర్యంతో, రెండు ముద్దల పచ్చడి తినేవాడు.

మాదిగల ఇంట తింటున్నానని చెప్పిన రోజు గ్రేసమ్మ వడ్డించే గరిటె ఆపింది. తన పుట్టింటివాళ్లు వింటే ఏమంటారో అన్నట్టు గుమ్మం వైపు చూసింది. కాసేపటికి, "ఆ తునకల కూరలో ఏం పొడేస్తారంట?" అని మాత్రం అడిగింది.

శ్రావణమాసంలో మరియదాసు తోలు కొనడానికి మాచర్ల వచ్చి, అడుగుతూ అడుగుతూ ఇల్లు వెతుక్కుని వాకిట్లో నిలబడ్డాడు. చెప్పులు దూరంగా విడిచి, గడప బయటే గొంతుక్కూర్చున్నాడు. ప్రభాకరరావు లోపలికి రమ్మంటే రానంటాడు. గ్రేసమ్మ వంటింట్లోకి పోయింది. చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. ఏ పళ్లెం తెస్తుందోనని ప్రభాకరరావు వంటింటి గుమ్మం వంకే చూస్తున్నాడు.

గ్రేసమ్మ మూడు సత్తు పళ్లేలు తెచ్చి, నడవలో ఒకే వరసన వేసింది. మూడూ ఒకేలా ఉన్నాయి, రోజూ వాళ్లు తినేవే.

"లోపలికొచ్చి కూర్చో పెద్దయ్యా" అంది. మొగుడు తన వంక అలా చూడటం గమనించి, "ఏందా చూపు? ఇంట్లో ఉన్నయ్యే మూడు పళ్లేలు. వేరే పెట్టడానికి నాలుగోది యాడుంది?" అంది.

మరియదాసు లోపలికి వచ్చి కూర్చున్నాడు. మొదటి వాయి అన్నం తలొంచుకుని తిన్నాడు. రెండో వాయికి పళ్లెం తనే ముందుకు జరిపాడు.